లోయకు అడ్డంగా

లా గొమేరా దీవిలో ఈలకు కూడా వ్యాకరణం ఉంది.
ఈ కొండ మీద ఒకడు వేలు మడిచి నోట్లో పెట్టి ఊదితే
ఆ కొండ మీద వాళ్ళకి
రొట్టె ఎన్నింటికి దిగుతుందో తెలిసిపోతుంది.

నా దగ్గరికి వచ్చేసరికి ఎలాదియో నోట్లో మూడే పళ్ళు,
అన్నీ కింది వరసలోనే. అందులో ఒకటి పేరుకే.
నాలుగేళ్ళుగా తన ఈల ఉత్త గాలేనని అన్నాడు.
అన్నాడనుకున్నాను:
దంత్యాలు రాలిపోయి ఓష్ఠ్యాలే మిగిలిన మాట అది.

ముద్ద కలిపి నోటి అచ్చు తీశాను.
మైనం కొరికించాను.
పైపలకని నిలబెట్టేది జిగురు కాదయ్యా, నీ ఉమ్మే,
తడి గాజుని తడి గాజు పట్టుకున్నట్టు, అన్నాను.
కింది వరసకి ఆ భాగ్యం లేదు.
మిగిలిన రెండు పళ్ళకీ తీగ కొక్కేలు తగిలించాను,
మేకని రాటకి కట్టినట్టు.

వారానికే వచ్చాడు.
"నోట్లో చెప్పులేసుకుని తిరుగుతున్నట్టుంది."
చిగురు ఒరిసిన చోట
నువ్వుగింజంత అరగదీశాను.
రాత్రిళ్ళు విడిచి నీళ్ళలో పెట్టు,
చిగుళ్ళకీ వట్టికాళ్ళతో నడవాలనుంటుంది.
కొన్నేళ్ళకి వదులవుతాయి, అప్పుడు మళ్ళీ రా.
పన్ను లేని చోట ఎముకకి ఉండబుద్ధి కాదు.

తల ఊపాడు. వేలు నోట్లో పెట్టాడు. ఊదాడు.
పైపలక ఎగిరి
సున్నపు గిన్నెలో పడింది.

ఇద్దరం దాన్నే చూశాం కాసేపు.

ముందుపళ్ళ వెనక పలకని పలచన చేస్తూ పోయాను,
దీపానికి అడ్డం పెడితే వెలుతురు కనబడేదాకా.
అతను ఇంట్లో గోడకి ఎదురుగా నిలబడి
పాత బిల్లులు పైకి చదివేవాడట, నాలుక దారికి రావాలని.

మూడో నెల, మా పనిగది పెరటి తలుపు దగ్గర,
లోయకేసి తిరిగి ఊదాడు.
ఈసారి పళ్ళు కదల్లేదు.
నేను పక్క దీవి దాన్ని, ఈల అర్థం కాదు.
"ఏమన్నావు?"
"అవతల మా తమ్ముడు సెవెరియానో.
నా రెండు మేకలు తోలమన్నాను. నాలుగేళ్ళ బాకీ."

చాలాసేపు ఏమీ లేదు. ఒక కుక్క.
తర్వాత అటునించి సన్నగా, మెలికలు తిరుగుతూ.

"ఏమంటాడు?"

"ఎవరయ్యా నువ్వు, ఈ వైపుకి కొత్తా, అంటున్నాడు."

పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకసారి టక్కుమనిపించుకుని
మళ్ళీ వేలు మడిచాడు.