ఫ్రీ అని రాసుంటుంది

అట్ట మీద పచ్చక్షరాల్లో
గ్లూటెన్ ఫ్రీ అని చదివి
"ఫ్రీ అంటే ఊరికే ఇస్తారు కదా నాన్నా" అంది దీవెన.
నాలుగొందల ఇరవై, అన్నాడు కౌంటరు కుర్రాడు.
ఎనిమిది ముక్కల రొట్టె.
రాజమండ్రిలో, అంత ఏసీలో
నాకు చెమట పట్టింది.

నేను రొట్టెలు చేసేవాణ్ణండి.
పాలకొల్లులో పంతొమ్మిదేళ్ళుగా బేకరీ మాస్టర్ని.
తెల్లారగట్ల మూడింటికి మైదా బస్తా విప్పుతాను.
నలభై రూపాయల బ్రెడ్డు, క్రీమ్ బన్ను, పఫ్‌లు,
ఊళ్ళో సగం పిల్లల పుట్టినరోజులు
నా చేతుల మీదుగానే వెళ్తాయి,
నా కూతురిది తప్ప.

పొట్ట ఉబ్బి, కాళ్ళు పుల్లలైపోతే
నులిపురుగులనుకున్నాం రెండేళ్ళు.
దిష్టి తీశారు ఎవరో.
చివరికి డాక్టరమ్మ, గోధుమ ఈ పిల్లకి విషం అంది.
"మీరేం చేస్తుంటారు?"
చెప్పాను.
ఆవిడ పెన్ను కాసేపు ఆగిపోయింది.

అప్పట్నించీ బోరింగు దగ్గరే చొక్కా విప్పుతున్నాను.
గోళ్ళ సందుల్లో మైదా
చీపురుపుల్లతో గీకుతాను.
మొదట్లో అది పరిగెత్తుకొచ్చేది, నేను వెనక్కి జరిగేవాణ్ణి.
ఇప్పుడు గడప మీద నిలబడి
"స్నానం అయ్యిందా?" అని అడిగాకే వాటేసుకుంటుంది.

కాలవకి అటూ వరే, ఇటూ వరే.
వరి మధ్య పుట్టినవాళ్ళకి
గోధుమ మానడం ఎంత పని అనుకున్నాం.
ఇంగువ డబ్బాలో ఉందండి గోధుమ!
చారులో చిటికెడు వేసినప్పుడల్లా
మేమే పెట్టాం దానికి.
కొట్లో వేయించిన జంతికల నూనెలో ఉంది,
బళ్ళో పక్కపిల్ల ప్రేమగా కొరికిచ్చిన బిస్కట్టులో ఉంది.
మా ఆవిడ ఇంగువ మానేసి వెల్లుల్లి దంచింది,
చీమ తలకాయంత అక్షరాలు చదవడానికి
ముప్పై రూపాయలు పెట్టి భూతద్దం కొంది.
ఈ రోగానికి మేం పెట్టిన ఖర్చులో
గిట్టుబాటైంది అదొక్కటే.

బియ్యప్పిండికేం కరువండీ, అంటారు అందరూ.
ప్యాకెట్టుదైతే కిలో రెండొందల ఎనభై.
మరాడిస్తే కిలోకి పది.
కానీ మర గొంతులో ఎప్పుడూ గోధుమే.
బుల్లికృష్ణ పిండిమర దాకా వెళ్ళి
అడగడానికి నోరు రాక రెండుసార్లు తిరిగొచ్చాను.
మూడోసారి అడిగేశాను.
ఆయన బీడీ ఆర్పి
"మంగళారం రాళ్ళు విప్పి కడుగుతాను.
ముందు నా నూకలు రెండు కిలోలు ఆడించి
ఆ పిండి కోళ్ళకి పోసేస్తా.
తరవాతి వాయి నీది" అన్నాడు.
నూకల డబ్బులు ఇవ్వబోతే
కోళ్ళనడుగు, అన్నాడు.

ఇప్పుడు ఆ వాయికి మార్టేరు నించి ఇంకొకావిడ వస్తోంది,
కొడుకు కోసం.
పేరడగలేదు. ఇంగువ సంగతి చెప్పాను.
ఆవిడ అక్కడే బస్తా మీద కూలబడిపోయింది.

ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఎలాగని
మా ఆవిడకి బెంగ. దీవెనకి ఇంకా తొమ్మిదేళ్ళే.
అయినా పాస్టరుగారిని అడిగొచ్చింది.
"బియ్యపు రొట్టె తెచ్చుకోండమ్మా,
దేవుడికి గింజతో పేచీ ఏముంది?" అన్నారట.

మొన్న పుట్టినరోజుకి
మూకుట్లో మినప్పిండీ నూకా కలిపి పోసి
మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పరిచాను.
కిందా మంటే, పైనా మంటే,
ఆలోచిస్తే అదీ ఓవెనే.
పంతొమ్మిదేళ్ళ మాస్టర్ని, రెండు దిబ్బరొట్టెలు మాడ్చాను.
అమ్మ చేస్తుంటే ఒక్కరోజూ చూడలేదు,
తినడానికే వెళ్ళేవాణ్ణి.
మూడోది ఎర్రగా పొంగింది.
అరవై రూపాయలైందేమో, మాడినవాటితో కలిపి.

కొవ్వొత్తి గుచ్చితే ఒక పక్కకి ఒరిగింది.
అదలాగే ఊదింది.
కరకరలాడే అంచు విరిచి
నా నోటి దాకా తెచ్చి, నేను ఆగితే
"తిను నాన్నా,
ఇది నీకు పడుతుంది" అంది.