సైడు ఫొటో

సిరొంచ బస్టాండు ఎదురుగ నా స్టూడియో.
వైశాఖంల పెండ్లిళ్లు ఊపిరి తీసుకోనియ్యవు,
మంగళవారం కాబట్టి ఒక రాత్రి దొరికింది.

వడ్ల రాజబాపు చేసిచ్చిన టేకు పలకలు రెండు,
తలుపు బందుతో కలిపినవి,
నడుమ పాత ప్రింటరు మోటరు.
భూమి ఎంత తిరిగితే అది అంత వెనక్కి తిరుగుతది.
దానిమీద నా పెండ్లి కెమెరా,
బెల్టుకు ఎవరిదో పసుపు ఇంకా అంటే ఉన్నది.

ప్రాణహిత ఇసుకల నిలబడి దక్షిణం చూస్తే
ముందు కనబడేవి బరాజు లైట్లు.
ఏటి అవతల రాష్ట్రం వేరు,
వెలుతురు మాత్రం ఎవల్నీ అడగకుంట ఈవలికి వస్తది.
త్రిశంకు మీద పిడికెడు ఎత్తున, కొంచెం ఎడమకు,
కంటికి ఏమీ లేని చోట
ఉన్నదట, లెక్క ప్రకారం.

సెకండ్లు సునంద లెక్కపెడుతది.
ఇంట్ల గోండి, నాతోని తెలుగు,
అంకెలకు వచ్చేసరికి బడి మరాఠీ.
ఎక్, దోన్, తీన్...
నవ్వద్ కాడ "ఆపు" అంటది.
మధ్యమధ్యల క్యాంపు సర్చిలైటు
ఒక ఫ్రేమును తినిపోతది.
పదకొండున్నరకు కరెంటు పోయింది.
ఊరంత తిట్టింది. నేను దండం పెట్టిన.

నలభై తీస్తే పనికొచ్చినవి పదిహేడు.
తెల్లారి ఒకదాని మీద ఒకటి పేర్చినంక
తెర మీద తేలింది
ఒక బూడిద గీత.
నడుమ కొంచెం ఉబ్బు, పొడుగుత దుమ్ము చార.
కోటి ఇరవై లక్షల ఏండ్ల కింద బయల్దేరిన వెలుతురు.

"గింతేనా?" అన్నది సునంద.
అడివి నుంచి నేరుగ వచ్చింది, చేతులింకా జిగటగనే ఉన్నయి.
కట్టల నుంచి ఒక తునికాకు గుంజి
నా కండ్ల ముందట అంచు పెట్టింది. సన్న గీత.
తిప్పింది. అరచేతంత ఆకు, ఈనెలతో సహా.
"దాన్ని గిట్ల తిప్పరాదా?"

రాదు.
మనమే పోయి ఇంకో దిక్కు నుంచి చూడాలె.
ఎంత దూరం పోవాలెనో చెప్పబోయిన,
అంతల గిరాకీ.

ఆత్రం మైనాబాయి. ఆకు బోనసు ఖాతాకు పాస్‌పోర్టు ఫొటో.
స్టూలు మీద పక్కకు కూసున్నది,
గడప బయట పెట్టిన గంప దిక్కు చూసుకుంట.
ముక్కు, ముక్కుపుల్ల,
నొసటి పచ్చబొట్టుల సగం, ఒక్క చెవి.
బ్యాంకోళ్లు రెండు చెవులూ అడుగుతరు.

అట్లనే ఒకటి తీసిన ముందు.
తర్వాత "అవ్వా" అని పిలిచిన.

తిరిగింది.