రెండో బ్రేకు

సెలెస్టిన్ కారు నెత్తిన
ఎర్రక్షరం ఎల్ బోర్డు.
జ్ఞానాపురం నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా
పన్నెండేళ్లు, రెండో గేరు దాటకుండా.
పక్క సీట్లో కూర్చుని
ఎవరెవరి భయానికో తన కాలు అడ్డుపెట్టేది.

ఆ జెన్నుని మా షెడ్డుకి తోలుకొచ్చి
"దీనికి పెద్దింజిను ఎయ్యాలి, గురయ్య మావా" అంది.
గురయ్య కారుని చూశాడు, ఆమెని చూశాడు,
మళ్ళీ కారుని చూశాడు.
"చీమకి ఏనుగు గుండె పెట్టీమంటావేటమ్మా?"
"పెట్టీ" అంది.

ఇంజిను ఆటోనగర్ తుక్కులో దొరికింది,
ఏ దేశంలో ఏ గోడని గుద్దుకుందో,
మూతి నలిగిన కారులోంచి.
రెండువేల మూడొందల సీసీ.
దాని నెత్తి మీద సూపర్‌చార్జరు,
నిద్రపోతున్న పసిగుంటంత బరువు.
గురయ్య నాకిలా చెప్పాడు:
"ఇంజిను తన బలంలోంచే కొంత తీసి
బెల్టు కట్టి పంకా తిప్పుకుంటాది.
ఆ పంకా దాని నోట్లోకే గాలి కుక్కుతాది.
ముందు నష్టం.
తర్వాత సూడు."

నేను లేతు మనిషిని. నాకు కొలతలే తెలుసు.
బానెట్టు కింద చోటు బెత్తెడు తక్కువ.
బ్యాటరీని డిక్కీలోకి పంపాం,
రేడియేటర్ని ముందుకి తోశాం,
లోపలి రేకుని సుత్తితో బతిమాలాం.
ఉప్పుగాలి తిన్న ఛాసిస్
వెల్డింగు మంట తగిలితే రస్కులా రాలింది.
కోసి, అతికి, మళ్ళీ కోసి,
ఆఖరికి ఇంజిను కూర్చుంది,
ఒకటో తరగతి బెంచీలో ఇరుక్కున్న పెద్దమనిషిలా
మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

ఆ గేరుబాక్సుదొక ఊరు, ఈ చక్రాలదొక ఊరు.
రెంటికీ వియ్యం కుదిర్చే యాక్సిల్ ఎక్కడా అమ్మరు.
ముక్కకి ముక్క అతికి నేనే చేశాను.
ఎడమది బాగా వచ్చింది.
కుడిది ఆదివారం చేశాను,
కరెంటు పోతుందేమోనని, కాస్త తొందరగా.

బ్రేకులన్నీ కొత్తవి వేశాక
"ఆ రెండో బ్రేకు పీకేద్దామా?" అని అడిగాను.
సెలెస్టిన్ చాలాసేపు పలకలేదు.
"ఉండనీ. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి కదా."

ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను.

తెల్లారుజాము మూడున్నర. సింధియా రోడ్డు.
రిఫైనరీ మంట ఒక్కటే మేలుకొని ఉంది.
రెండో గేరులో ఆమె ఆగింది,
అలవాటు చొప్పున.
తర్వాత ఒక్క చేత్తో, గుమ్మం దాటినట్టు, మూడు.

సూపర్‌చార్జరు మొదట ఈల వేసింది.
తర్వాత అది ఈల కాదు.
నా వీపు సీట్లోకి దిగబడిపోయింది,
వీధి దీపాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి,
కడుపులో నిన్నటి భోజనం వెనక్కి నడిచింది.
నా కాలు రెండో బ్రేకు మీదే ఉంది.
నొక్కలేదు.
అమ్మతోడు, నొక్కలేదు.
ఆమె నవ్విందో ఏడ్చిందో
ఆ మోతలో నాకు వినపడలేదు.

యారాడ కొండ మొదటి మలుపులో
టప్‌మని చిన్న చప్పుడు,
కొబ్బరికాయ కొట్టినంతే.
ఇంజిను గొంతు చించుకుంటోంది,
కారు కదలడం లేదు.
కుడి యాక్సిల్. నా ఆదివారం.

కొండ దిగుతున్న ఆటో ఆగింది.
హార్బరుకి పోతున్న ఐదుగురు చేపల ఆడోళ్ళు
గంపలు దించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి,
బానెట్టు ఎత్తించి మరీ చూశారు.
"ఇంతోటి ఇంజినుకి మేఁవా ఎడ్లం?" అని
పకపకలాడుతూనే తిప్పి నెట్టారు.

కిందకి జారుతున్నాం, చప్పుడు లేకుండా.
సారీ చెప్పబోయాను.
"మీటరు ఎంత చూపించింది?" అని అడిగాను చివరికి.
"ఏమో. నేను నీ కాలే చూశాను"
అంది సెలెస్టిన్.

ఎనిమిదింటికి లేతు వేశాను.
ఈసారి రెండు మిల్లీమీటర్లు లావు.
అతుకు లేదు,
ఒకటే కడ్డీ.