సగం కుర్చీ

బోరబండ కమ్యూనిటీ హాల్లో
నలభై కుర్చీలు. ముప్పై ఒకటి ఖాళీ.
అయినా మణెమ్మ గుమ్మం దగ్గరే నిలబడేది,
చీపురు గోడకు ఆనించి.

ఆ రోజు ఖైరున్నీసా
తన కుర్చీలోనే ఓ పక్కకి జరిగి
"ఆవో, బైఠో" అంది.
ఖాళీ కుర్చీ చూపించినవాళ్లం చాలామందిమి.
సగం ఇచ్చింది ఆమొక్కతే.

ఇంజనీరు మ్యాపు పరిచి వెతుకుతున్నాడు.
"గాడ లేదు సారూ,
మూత ఇరానీ హోటల్ ముంగట ఉన్నది.
ఇరవై ఏండ్ల సంది ఎత్తుతున్న."

పెన్ను ఆగింది.
ఫ్యాను మాత్రం కిర్రుమంటూనే ఉంది.

నాలా ఇంకా పొంగుతోంది, నిజమే.
కానీ పోయిన ఆదివారం
కుర్చీలు చాల్లేదు.
ఇళ్లనుంచి పీటలొచ్చాయి,
బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు.

మొదటిసారి
నేను నిలబడ్డాను,
గుమ్మం దగ్గర.