బిందె నిలబడ్డ చోట

ఆదివారం పొద్దున ఆరున్నరకు
మల్కాజిగిరిలో మా అద్దె ఇంటి మిద్దె మీద వెలుతురు
నీళ్ల ట్యాంకు కుడి చెంపకు ఆనుకుని కూర్చుంటుంది.
ఎనిమిదయ్యేసరికి ఎదురింటి రేకులు దాన్ని గుంజుకుంటాయి.
మధ్యలో ఆ కాసేపు నాది.

మొదట స్టూలు మీద ఇత్తడి బిందె పెడతాను.
దాని మెడ అంచు మీద ఫోకస్ కుదిరాక
బిందెను కిందికి దించి
అదే చోట నన్ను పెట్టుకోవాలి.
కెమెరా ఇచ్చే గడువు పది సెకన్లు.
ఎర్రదీపం గబగబా కొట్టుకుంటుంది.
ఏడడుగులు. ఒక్కదాన్నే.
చున్నీ సర్దుకోవడానికి ఒక సెకను,
మొహాన్ని ఏం చేయాలో తెలియక మిగతావన్నీ.

ఎర్రగడ్డ సంతలో కొన్న కెమెరా ఇది.
"లెన్సుల జర ఫంగస్ ఉంది మేడం,
ఫికర్ లేదు, మొహాలకు మంచిగుంటది"
అన్నాడు ఖయ్యూం భాయ్, నా మొహం వైపు ఒకసారి చూసి.

వారమంతా నాది వేరే గది.
హబ్సిగూడలో ఎక్స్‌రే బల్ల.
గడ్డం పైకి. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలొద్దు.
సీసపు గోడ చాటు నుంచి
రోజుకు అరవై మందికి చెబుతాను, అరవై మందీ వింటారు.
గాజులు తీసి నా చేతికిస్తారు,
పుస్తెలతాడు కొంగున ముడేసుకుంటారు,
ఎముకల దాకా అప్పజెప్పేసి
తలుపు ఎటు అని అడుగుతూ వెళ్లిపోతారు.
"నీ పేరేంది బిడ్డా" అన్నది ఈదమ్మ ఒక్కతే,
బోడుప్పల్ నుంచి విరిగిన పక్కటెముకతో వచ్చి.
అప్పటికే బిగపట్టమన్నాను.
జవాబు కోసం ఊపిరాపి చూస్తూ ఉంది పాపం.

మొదటి నెల ఫోటోల్లో ఎవరో ఉన్నారు.
అద్దంలో ఈ పక్కనుండే పుట్టుమచ్చ ఆ పక్కకు పోయింది,
పాపిడి ఎవరో బదిలీ చేసినట్టు వంకరగా.
ఎక్స్‌రేలో అయితే తికమక పడకుండా
ఎడమ వైపు సీసపు అక్షరం ఒకటి అంటిస్తాం.
మొహానికి అలాంటిదేమీ ఇవ్వలేదు.

పక్క మిద్దె మీద బట్టలారేస్తూ ఫర్హానా
"నేను తీస్తా గదక్కా, గా ఉరుకుడెందుకు" అంటుంది.
ఒకసారి ఇచ్చాను.
బాగా తీసింది. అన్నిట్లోనూ నవ్వుతున్నాను.
అదే కదా చిక్కు,
ఎవరైనా తీస్తే వాళ్లను చూసి నవ్వుతాను.
ఎవరూ లేనప్పుడు
ఈ మొహం తనంతట తాను ఏం చేసుకుంటుందో,
అది కావాలి నాకు.
ఇంత మాట ఫర్హానాకు చెప్పలేక
"టైంపాస్" అన్నాను.

ఇవాళ నలభై ఒక్కటి తీశాను.
నలభైలో
బిగపట్టమంటే బిగపట్టిన ఒక పేషెంటు.

నలభై ఒకటోదానికి పరుగెత్తుతుంటే
కాలు బిందెకు తగిలింది.
అది దొర్లింది. నేను అటు తిరిగాను.
వెనక నుంచి క్లిక్.

చూస్తే ఇదీ సంగతి:
ఒక పక్కగా సగం భుజం, చెదిరిన జడ,
బిందె కోసం చాచిన చెయ్యి నాలుగు చేతులై,
తెరుచుకున్న నోరు, అందులో
ఇన్నాళ్లూ దాస్తూ వచ్చిన ఎత్తు పన్ను.
వెనకాల మౌలాలి గుట్ట పాలల్లో కరిగిన బెల్లం.
ఫోకస్ మాత్రం నేను పెట్టిన చోటే కదలకుండా ఉంది.
ఖాళీ స్టూలు,
దాని మీద బిందె అడుగు వదిలిపోయిన తడి గుండ్రం
వెంట్రుకంత స్పష్టంగా.

మా దగ్గర ఇలాంటివి వస్తే
'కదిలారు' అని రాసి మళ్లీ పిలుస్తాం.

మళ్లీ తీద్దామని స్టూలు తుడవబోయి
ఆగాను.
ఆ తడి అంచుల నుంచి లోపలికి ఆరిపోతోంది.

"నల్లా వచ్చింది!" కింద నుంచి కేక.
సొట్టపడ్డ బిందె చంకనెత్తుకుని
మెట్లు దిగుతున్నాను.
మెడలో కెమెరా
ఒక్కో మెట్టుకూ ఇత్తడిని తాకుతోంది.
ఎదురింటి రేకులు అప్పుడే
వెచ్చబడుతున్న చప్పుడు.