మూడో మూత

సరస్సు అంచున మీగడలా మంచు కట్టకముందే
ఈ పని అయిపోవాలి.
పోయిన జనవరిలో సున్నాకి కింద నలభై రెండు.
తాళం తిప్పితే బండి ఒక్క మూలుగు మూలిగి
మళ్ళీ పలకలేదు.
బఫెలో నారోస్ బడి వంటింటికి రెండు మైళ్ళు నడిచాను,
రెప్పలు ఒకదానికొకటి అంటుకుపోతుంటే
చేతి తొడుగుతో విడదీసుకుంటూ.
ఆ రోజు పిల్లలకి రొట్టె అందేసరికి పదకొండు.
ఎవరూ ఏమీ అనలేదు.
అన్నా బాగుండేది.

గార్నెట్ తన కొట్లో పెట్టె మీది దుమ్ము ఊది
హీటరు చేతికిచ్చాడు.
"ఎవరు బిగిస్తారు?"
చేతులు చూపించాను.
"నలభై ఐదేళ్ళ బండి, మెల్లగా."
నాకు యాభై ఏడు, అన్నాను,
ఆ మాట నాకూ ఎవరైనా చెప్పొచ్చు.

కూలెంటు బేసిన్లోకి వదిలాను.
పచ్చగా ఉండాల్సింది
మూడుసార్లు మరిగిన టీ రంగులో దిగింది.
ఇంజను డొక్కలో వరసగా మూడు మూతలు,
అరచేతి గుంటలో ఇమిడేంత.
రెండు తుప్పు.
మూడోది తుడిస్తే ఇత్తడి.

కంపెనీ ఇత్తడి పెట్టదు.
గ్రిల్లు వెనక తడిమాను.
దొరికింది జానెడు నల్ల తీగ,
కోసేసి, కొసకి టేపు చుట్టి,
ఆ టేపు మీద ఇంకో టేపు.
అంటే ఈ బండికి వెచ్చదనం తెలుసు.
ఎవరో మాన్పించారు.

అమ్మిన ఓవీద్ మొరాన్‌కి ఫోను చేశాను.
చాలాసేపు అవతల హాకీ ఆట చప్పుడే.
తర్వాత అన్నాడు:
"సెలెస్తీన్‌ని రాత్రిళ్ళు ఆస్పత్రికి తిప్పేవాణ్ణి కదా.
మూడు చలికాలాలు ప్లగ్గు తియ్యలేదు.
ఆమె పోయాక కరెంటు బిల్లు వచ్చింది.
ఎప్పటంతే ఉంది.
రాత్రిపూట ఎటూ వెళ్ళని బండికి వేడెందుకని
ఊడదీశాను."
కాస్త ఆగి,
"హీటరు మంచిదే. దాని తప్పేం లేదు" అన్నాడు,
సరుకు మీద మాట పడకుండా.

మూత అంచున ఉలి ఆనించి ఒక్కటే దెబ్బ.
నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు తిరిగింది.
పటకారుతో లాగితే వెనకే బురద,
ఏ ఏటి ఒండ్రో ఇన్నాళ్ళు దాచుకున్నట్టు.
గరుకు కాగితం వేలికి చుట్టి
పసివాడి చిగుళ్ళు తోమినంత జాగ్రత్తగా తోమాను.
రబ్బరు చుట్టుకి గ్రీజు.
కాలే తీగ పైకి చూడాలి, గోడని తాకకూడదు.
ఎంత బిగించాలో పుస్తకంలో ఒక అంకె ఉంది,
నా మణికట్టు ఇంకోటి చెప్పింది.
మధ్యలో ఆగాను.

తీగని పొగగొట్టానికి ఎడంగా తిప్పి కట్టాను.
నీళ్ళు నిండేదాకా ప్లగ్గు జోలికి పోలేదు.
ఎసరు పొయ్యకుండా గిన్నె పొయ్యెక్కిస్తే
ఏమవుతుందో వంటమనిషికి చెప్పాలా?

నవంబరు పదకొండు. ముప్ఫై కింద.
పడుకోబోయే ముందు ప్లగ్గు పెట్టి
బోనెట్ మీద చెవి ఆనించబోయి, చర్మం అతుక్కుంటుందని
టోపీ అడ్డం పెట్టి విన్నాను.
మొదట ఏమీ లేదు.
తర్వాత సన్నగా, లోపలెక్కడో,
ఎసరు కూనిరాగం మొదలుపెట్టింది.
బాలింత మంచం కింద కుంపటి పెట్టి
తలుపు దగ్గరగా వేసి వచ్చినట్టు
చప్పుడు చెయ్యకుండా ఇంట్లోకి వచ్చాను.

ఇత్తడి మూత కిటికీ గట్టు మీద ఉంది.
ఓవీద్‌కి కావాలా అని అడగలేదు.
పారెయ్యనూ లేదు.

తెల్లవారుజాము నాలుగుంపావు.
బండంతా తెల్లగా,
బోనెట్ మధ్యలో మాత్రం పళ్ళెమంత నల్లటి తడి.
దాని మీద, రెక్కలు ఉబ్బించుకుని, ఒక బొంతకాకి.
నేను తలుపు తీస్తే
కదల్లేదు.
ఆలస్యంగా వచ్చింది నేనే అన్నట్టు
చూసింది.