టై విప్పే చోటు

బుధవారం పన్నెండున్నరకి
స్కూలు ఆఫీసు కిటికీ దగ్గర సంతకం పెట్టాలి.
'ఎక్కడికి' అన్న గడిలో మొదటివారం
యూనివర్సిటీకి, భూగర్భశాస్త్రం, మొదటి సంవత్సరం
అని గడి దాటిపోయేలా రాశాను.
మూడో వారానికి అది 'యూని' అయింది.
ఇప్పుడు మిసెస్ హాల్‌ఫోర్డ్ తలెత్తకుండానే
పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే పిల్లల వరసలో
నా పేరు చేర్చేస్తుంది.

బస్సు బర్నీ ఓడరేవు పక్కనించి పోతుంది.
ఓడకెక్కడానికి కుప్పపోసిన చెక్కపొట్టు కొండ
గాలికి ఒక పక్క అరిగి ఉంటుంది.
ఆ మలుపు దగ్గరే టై విప్పుతాను.
బ్లేజరు తిరగేసి సంచిలో కుక్కుతాను.
తెల్ల చొక్కా ఎవరైనా వేసుకోవచ్చు.
నల్లబూట్లే పట్టిస్తాయి.

మొదటిరోజు లెక్చరు మధ్యలో చెయ్యెత్తాను.
డాక్టర్ ట్రెలోర్ ఆగింది, ప్రశ్న అనుకుని.
"బాత్రూముకి వెళ్ళొచ్చా?"
నలభై తలలు తిరిగాయి.
ఎవరూ నవ్వలేదు, అదే మరీ ఘోరం.
"తలుపు అక్కడుంది" అంది ఆవిడ, చాలా మెత్తగా.
ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది.
అప్పటిదాకా నాకు తెలిసిన ప్రతి తలుపు పక్కనా
ఒక మనిషి నిలబడి ఉండేది.

నా పక్క కుర్చీ గార్త్ ప్లమ్మర్‌ది.
ముప్ఫయ్యొక్కేళ్ళు కాగితం మిల్లులో పనిచేశాడు, అది మూతపడేదాకా.
"నీ వయసులో నేను..." అని మొదలెడతాడేమోనని
రెండు వారాలు భయపడ్డాను.
అనలేదు. పంచిన కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి
"ఎనభై గ్రాములు. మాది కాదు" అన్నాడు. అంతే.
ఆయన నలభై ఏళ్ళు ఆలస్యం. నేను పదినెలలు ముందు.
డాక్టర్ ట్రెలోర్ బోర్డు ఈ చివరనించి ఆ చివరకి గీత గీసి
మా కొండల నల్లరాయి వయసు
సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ళు అంది.
గార్త్ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు.
మా ఇద్దరి తేడాకి ఆ గీత మీద
మార్కరు మొన మోపే చోటు కూడా లేదు.

క్లాసయ్యాక అందరూ పబ్బుకి పోతారు.
నాకు పదిహేడు.
బస్టాపులో నిలబడి మళ్ళీ టై కట్టుకుంటాను,
అద్దం లేకుండా, ఎప్పుడూ వంకరగానే.

స్కూల్లో ఏం జరిగినా బుధవారం మధ్యాహ్నమే జరుగుతుంది.
ఒడెట్ గురువారం అంతా పూసగుచ్చినట్టు చెప్తుంది
గాని అప్పటికి నవ్వు చల్లారిపోయి ఉంటుంది.
మర్యాదకి నవ్వుతాను.
తనకి తెలుసు. నాకూ తెలుసు.

మొదటి రిపోర్టుకి యాభై రెండు.
తొంభైకి కింద అంకెలు ఉంటాయని
విన్నాను గాని చూళ్ళేదు.
గార్త్‌కి నలభైతొమ్మిది. మడిచి జేబులో పెట్టుకుని
"ఫర్వాలేదే, దాదాపు సగం తెలుసన్నమాట" అన్నాడు.
ఇంట్లో చెప్పలేదు. ఈ సబ్జెక్టు పాసైతే
వచ్చే ఏడు ఒకదాని ఫీజు మిగులుతుందని
నాన్న ఫ్రిజ్ మీద లెక్క రాసి అయస్కాంతంతో అతికించాడు.
పాలు తీసుకున్నప్పుడల్లా అది నన్ను చూస్తుంది.

ఇంటికి ఒక్కొక్కరికీ ఒక్కో రాయి ఇచ్చారు,
చూసి, గీకి, తూచి, పేరు చెప్పమని.
నాది బ్లేజరు జేబులో పడుకునేది,
చరిత్ర క్లాసులో, లెక్కల క్లాసులో
గంట మోగినప్పుడల్లా నా వేలు దాన్ని తడిమేది.
అంచు పదునని ఆలోచించలేదు.

శుక్రవారం అసెంబ్లీలో, జాతీయగీతం రెండో చరణంలో
జేబు అడుగు చిరిగింది.
చెక్కనేల మీద ఎంత చప్పుడో!
దొర్లుతూ దొర్లుతూ వేదిక మెట్టు దాకా వెళ్ళింది.
ప్రిన్సిపాల్ చేతికి తీసుకుని
"ఇదెవరిది?" అంది.

చెయ్యెత్తాను.
చెప్పడానికి కాస్త సమయం పట్టింది.
నాది కాదు మేడం,
ఎవరిదీ కాదు,
వచ్చే బుధవారం తిరిగిచ్చెయ్యాలి.